మూడో ఆట దాకా భుజం నిలవాలంటే

ఒక డిసెంబరులో మా క్లినిక్ వెనక మైదానంలో సర్కస్ దిగింది. మూడో రోజు మధ్యాహ్నం ఇరవై రెండేళ్ల అస్సాం అమ్మాయి కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. ఊయల ఐటమ్ (ట్రాపీజ్) చేస్తుందట. "దీదీ, నాలుగింటికి ఆట ఉంది, అప్పటికి చెయ్యి లేవాలి" అంది. పడ్డావా అని అడిగాను. పడలేదంది. దెబ్బ తగిలిందా? లేదు. మరి ఎప్పటి నుంచి? దసరా ముందు నుంచి.

అంటే రెండు నెలలకు పైగా ఆ భుజంతోనే రోజుకు మూడు ఆటలు ఆడుతోంది.

మాది విజయనగరం. కోడి రామ్మూర్తి నాయుడు గారు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సొంత సర్కస్ నడిపిన ఊరు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నారనీ, ఇనుప గొలుసులు తెంచారనీ మా తాతయ్య చెబుతుంటే వింటూ పెరిగాను. సర్కస్ వాళ్ల ఒళ్లు ఇనుమని నేనూ నమ్మాను. ఫిజియోథెరపీ చదివాక కూడా ఆ నమ్మకం పూర్తిగా పోలేదు. ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి చూసిన రోజున పోయింది. ఆ తర్వాత మా వైపు ఏ సర్కస్ వచ్చినా సాయంత్రాలు అక్కడికి వెళ్లి చూస్తున్నాను. ఇన్నేళ్లలో నా చేతికి వచ్చినవాళ్లలో ఎత్తు నుంచి పడ్డవాళ్లు తక్కువ. రోజూ చేసే అదే పని, అదే వైపు, తగినంత విరామం లేకుండా చేసి పాడు చేసుకున్నవాళ్లే ఎక్కువ. అందుకని ఈ రాతలో ఎక్కువ భాగం దాని గురించే. సర్కస్‌లో ఉన్నవాళ్లకూ, హైదరాబాద్ స్టూడియోల్లో గుడ్డ పట్టుకుని గాల్లో వేలాడటం నేర్చుకుంటున్న పిల్లలకూ, వాళ్లకు నేర్పే మాస్టర్లకూ ఇది పనికొస్తుంది.

ముందు ఒక నోటుపుస్తకం

ఏ వ్యాయామం కన్నా ముందు నేను చేతిలో పెట్టేది పది రూపాయల నోటుపుస్తకం. ప్రాక్టీసుతో కలిపి రోజుకు ఎన్నిసార్లు ఊగారు, ఎన్నిసార్లు క్యాచర్ (ఎగిరి వచ్చేవాళ్లను గాల్లో పట్టుకునేవాడు) చేతికి వెళ్లారు, ఎన్నిసార్లు వలలో దిగారు, చేతుల మీద ఎంతసేపు నిలబడ్డారు, అది రాయాలి. దాని పక్కన నొప్పికి పదికి ఎన్ని మార్కులో మూడుసార్లు రాయాలి: మొదటి ఆటకు ముందు, మూడో ఆట అయ్యాక, మర్నాడు నిద్ర లేవగానే.

ఈ మూడింటిలో అసలైనది పొద్దున్న రాసే అంకె. ఆటలో మూడు దాకా నొప్పి ఉండి, పొద్దున్నకి మామూలు స్థాయికి వచ్చేస్తే ఆ పనిని ఒళ్లు తట్టుకుంటోందని అర్థం. వరుసగా రెండు రోజులు పొద్దున్న అంకె పెరిగిందంటే ఆ రోజు నుంచే లెక్కలో మూడో వంతు తగ్గించాలి. ప్రాక్టీసు తగ్గిస్తారో, ఒక ఆటలో తేలిక ఐటమ్ చేస్తారో మాస్టరుతో కూర్చుని తేల్చుకోండి. నొప్పి ఐదు దాటితే ఆ పని ఆ రోజుకు ఆపేయడమే.

ఇంకో సంగతి ఈ పుస్తకాల వల్లే నాకు తెలిసింది. క్యాంపు మారేటప్పుడు సామాన్ల లారీలు, డేరా పాతడం, పర్మిషన్లు అంటూ వారం పది రోజులు ఆట ఉండదు. తర్వాత కొత్త ఊళ్లో మొదటి రోజు నుంచే మూడేసి ఆటలు. నేను చూసినంతలో భుజాలు, పిక్కలు ఎక్కువగా పట్టేసేది ఆ మొదటి వారంలోనే. ఖాళీ రోజుల్లో ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది, దానితో పాటే అలవాటూ పోతుంది. కాబట్టి డేరా లేవకముందే ఏదో ఒక కడ్డీకి రోజూ కొంచెంసేపు వేలాడండి. మొదటి మూడు రోజులు ఆటలు తప్పకపోయినా ప్రాక్టీసు మానేయండి. కొత్త ఫీటు మొదలుపెట్టిన వారంలో పాత ఫీట్ల లెక్క పెంచొద్దు. సంక్రాంతికి నాలుగో ఆట వేస్తామంటే ముందు రెండు వారాల నుంచి కొద్దికొద్దిగా పెంచుకుంటూ రండి.

భుజం మోసే బరువు

ఊయల మీద చేతులు ఎంత బరువు మోస్తాయో చాలామంది ఊహించరు. నిలువు గీతకు 60 డిగ్రీల ఎత్తు నుంచి ఊగుతూ దిగితే, అడుగుకు చేరే క్షణంలో చేతుల మీద పడే లాగుడు ఒంటి బరువుకు రెండింతలు. అడ్డంగా, అంటే 90 డిగ్రీల నుంచి వస్తే మూడింతలు. యాభై కిలోల అమ్మాయి చేతులు ఒక్కో ఊపులో వంద నుంచి నూట యాభై కిలోలు మోస్తున్నట్టు. ఆట ఎంత అందంగా ఉన్నా ఈ లెక్క మారదు.

ఆ బరువు మోసే కీలు లోతు చాలా తక్కువది. తుంటి కీలు గిన్నెలో బంతి కూర్చున్నట్టుంటుంది. భుజం చిన్న సాసరు మీద బంతి పెట్టినట్టుంటుంది. దాన్ని ముఖ్యంగా చుట్టూ ఉన్న నాలుగు చిన్న కండరాలు పట్టి ఉంచుతాయి, వాటినే రొటేటర్ కఫ్ అంటారు. ఊయల ఆటగాళ్లకు వీపు కండరాలు, చేతి కండరాలు బాగా పెరుగుతాయి. ఈ నాలుగు చిన్నవి వెనకబడతాయి. లాగే బలం ఎక్కువై పట్టి ఉంచే బలం తక్కువైన చోట కీలు కొద్దికొద్దిగా ఒరుసుకుంటుంది. ఆ అస్సాం అమ్మాయికి జరిగింది ఇదే. పది సార్లు గాల్లో తిరిగే ఆ చేతితో నేను చిన్నగా అడ్డుపెట్టిన అరచేతిని బయటికి నెట్టలేకపోయింది.

దీనికి ఖరీదైన రబ్బరు బ్యాండ్లు అక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబు తెచ్చి వాల్వు ఉన్న ముక్క కోసి పారేయండి. ఒక కొసను డేరా గుంజకు మోచేతి ఎత్తులో కట్టండి. గుంజకు పక్కగా నిలబడి, బయటి వైపు చేత్తో రెండో కొస పట్టుకుని, మోచేతిని మడిచి నడుముకు ఆనించండి. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడత పెట్టిన తువ్వాలు ఉంచండి, అది జారి పడకూడదు. ఇప్పుడు ముంజేతిని కడుపు దగ్గర్నుంచి బయటికి తిప్పి, మూడు లెక్కపెడుతూ మెల్లగా వెనక్కి తీసుకురండి. పన్నెండు సార్లు చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. తిప్పేటప్పటి కన్నా వెనక్కి వచ్చేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి, చాలామంది అక్కడే చేతిని వదిలేస్తారు.

రెండోది వేలాడుతూ చేసేది. కడ్డీ పట్టుకుని వేలాడితే భుజాలు చెవుల దాకా లేస్తాయి. మోచేతులు మడవకుండా ఆ భుజాలను కిందికి లాగి, రెండు సెకన్లు ఆపి, మెల్లగా వదలండి. ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు. గాల్లో ప్రతి పట్టుకూ ముందు భుజం ఈ లాగిన స్థితిలోనే ఉండాలి. పూర్తిగా వదులైన భుజం మీద బరువు ఒక్కసారిగా పడితే అది దాదాపు కీలు మీదే పడినట్టు. మూడోది దండీలు. పైకి లేచాక ఆగకుండా, నేలను ఇంకాస్త నెట్టి రెండు రెక్కల మధ్య వీపును పైకి లేపండి. రోజంతా లాగే చేతులకు ఈ నెట్టే పని చాలా అవసరం.

అప్పటికే నొప్పి ఉంటే ట్యూబుతో మొదలుపెట్టొద్దు. గుంజ పక్కన నిలబడి, మోచెయ్యి నడుముకే ఆనించి, మణికట్టు వెనక భాగంతో గుంజను బయటికి నెడుతూ నలభై అయిదు సెకన్లు కదలకుండా ఉండండి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ. మొత్తం ఐదు సార్లు. నొప్పి మూడు దాటనంత బలంతోనే నెట్టాలి. ఆ రోజు ఆ అమ్మాయికి నేను చేయించింది ఇదొక్కటే. నాలుగింటి ఆటకు మాత్రం ఎక్కొద్దన్నాను. ఏడ్చింది. ఎక్కకపోతే తన చోటు ఇంకొకరికి పోతుందని భయం. సాయంత్రం నేనే వెళ్లి వాళ్ల మాస్టరుతో మాట్లాడాను. ముప్పై ఏళ్ల అనుభవమున్న మనిషి, కోపంగానే మొదలుపెట్టారు. చివరికి ఆమె పలక మీద నిలబడి మిగతావాళ్లకు ఊయల అందించేలా ఒప్పందమైంది. ఐటమ్‌లో ఆమె ఉంటుంది, డ్రెస్సు ఉంటుంది, జీతం ఉంటుంది, భుజం మీద బరువు మాత్రం ఉండదు. ఇలాంటి మధ్య దారి దాదాపు ప్రతి ఐటమ్‌లోనూ దొరుకుతుంది. అడగండి.

రాత్రి ఆ వైపు పడుకోలేకపోవడం, చెయ్యి పైకి ఎత్తలేకపోవడం, టక్‌మని చప్పుడై బలం పోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం, ఇవి కనిపిస్తే వ్యాయామాలతో కాలం గడపకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. భుజం ఊడితే డేరాలోనే లాగి ఎక్కించే పెద్దవాళ్లు ఉంటారు. వాళ్ల మీద గౌరవంతోనే చెబుతున్నాను, వద్దు. ఊడినప్పుడు ఎముక చిట్లి ఉండవచ్చు, నరం నలిగి ఉండవచ్చు. చేతిని గుడ్డతో ఒంటికి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆటకు ముందు పావుగంట

ఆటకు ముందు కాళ్లు చాపి, నడుం వంచి, నిమిషాల తరబడి సాగదీసుకుంటూ కూర్చోవడం పాత అలవాటు. ఒకే కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టుకుంటే కాసేపు దాని బలం కొంత తగ్గుతుంది. ఆ సాగదీత రాత్రి ఆటయ్యాక చేసుకోండి. ఆటకు ముందు కావలసింది వేడి. ఐదు నిమిషాలు తాడాట గానీ, నిలబడిన చోటే పరుగు గానీ. తర్వాత చేతులు, తుంటి, నడుం అన్ని వైపులా కదిలిస్తూ ఐదు నిమిషాలు. ట్యూబుతో ఒక తేలిక విడత, వేలాడి భుజాలు లాగడం ఐదు సార్లు, ఆ తర్వాత మీ ఐటమ్‌లోని కదలికలే నేల మీద, సగం వేగంతో.

మొదటి ఆటకు అందరూ ఇది చేస్తారు, మూడో ఆటకు ఎవరూ చేయరు. "పొద్దున్నుంచీ ఆడుతూనే ఉన్నాం కదా" అంటారు. కానీ రెండో ఆటకూ మూడో ఆటకూ మధ్య పలుచని డ్రెస్సులో కూర్చునే ఆ గంటలో ఒళ్లు చల్లబడిపోతుంది. మూడో ఆటకు ఏడు నిమిషాలైనా చాలు, కానీ తప్పొద్దు. చలికాలంలో డ్రెస్సు మీద స్వెటరు వేసుకుని కూర్చోండి. మే నెలలో ఇబ్బంది వేరు. కాలిన రేకులా ఉండే డేరాలో చెమట కారి పట్టు జారుతుంది, కండరాలు పట్టేస్తాయి. లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఆటల మధ్య కొంచెం కొంచెంగా తాగండి.

క్యాచర్లు, బోన్‌లెస్ ఆటగాళ్లు, చేతుల మీద నిలబడేవాళ్లు

క్యాచర్ మోకాళ్ల మడతతో తలకిందులుగా వేలాడి ఇంకో మనిషి బరువు పట్టుకుంటాడు. చప్పట్లు ఎగిరి వచ్చే ఫ్లయర్‌కే ఎక్కువ వస్తాయి. నొప్పి ఇతనికీ తక్కువేం కాదు. తొడ వెనక కండరాలకు, మడమలు ఎవరితోనైనా పట్టించుకుని మోకాళ్ల మీద నిలబడి ముందుకు మెల్లగా వాలే వ్యాయామం చాలా మంచిది. ఐదేసి సార్లు, రెండు విడతలు, వారానికి రెండు రోజులు చాలు. మొదటి వారం తొడలు బాగా నొప్పెడతాయి కాబట్టి ఆట తక్కువున్న రోజు మొదలుపెట్టండి. మోకాలి వెలుపలి వైపు, కింది ఎముక తల దగ్గర ఒక నరం చర్మం కిందే పోతుంది. కడ్డీ అక్కడ నొక్కితే పాదం పైభాగం మొద్దుబారుతుంది. కడ్డీకి దళసరి గుడ్డ చుట్టండి. పాదం పైకి లేవకుండా వేలాడిపోతుంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఒళ్లంతా విల్లులా వెనక్కి వంచే బోన్‌లెస్ ఐటమ్ చేసే పిల్లల్ని చూస్తే నాకు మనసు ఆగదు. 2011లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక సర్కస్‌లో చిన్నపిల్లల చేత పని చేయించడం ఆగాలి, ఆ తీర్పు మంచి కోసమే వచ్చింది. దానితో పాటే నేర్పే పద్ధతి కూడా మారాలి. ఆరేడేళ్లకే మొదలుపెట్టిన పాత తరం ఒళ్లు వేరు, పద్దెనిమిదేళ్లకు మొదలుపెట్టే ఇప్పటివాళ్ల ఒళ్లు వేరు. వీపు మీద కూర్చుని తొక్కి వంచితే వంపు వేగంగా వస్తుందనుకుంటారు. కానీ అలా చేస్తే వంపు నడుం దిగువన ఒక్క చోటే వస్తుంది. అక్కడ వెన్నుపూస వెనక సన్నని ఎముక వంతెనలా ఉంటుంది, మళ్లీ మళ్లీ వెనక్కి వంగితే అదే చిట్లుతుంది. వంపును తుంటి, పై వీపు, భుజాలు పంచుకోవాలి. ఆ మూడు చోట్లా కదలిక వచ్చాకే లోతైన వంపులకు వెళ్లండి.

పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉన్నవాళ్లు ఈ ఐటమ్‌లోకి ఎక్కువగా వస్తారు. చిటికెన వేలు వెనక్కి నిటారుగా లేస్తుందా, బొటనవేలు ముంజేతికి తగులుతుందా, మోచేతులూ మోకాళ్లూ పది డిగ్రీలు దాటి వెనక్కి వంగుతాయా, మోకాళ్లు మడవకుండా అరచేతులు నేలకు ఆనుతాయా చూడండి. మొదటి నాలుగింటికి రెండు వైపులా ఒక్కో మార్కు, చివరిదానికి ఒకటి, మొత్తం తొమ్మిది. పెద్దవాళ్లకు ఐదు గానీ, అంతకు మించి గానీ వస్తే ఇంకా సాగదీయడం అనవసరం, వాళ్లకు కావలసింది బలం. వెనక్కి వంగినప్పుడు నడుం నొప్పి రెండు మూడు వారాలకు మించి ఉంటే ఎక్స్‌రేలో ఏమీ లేదని వదలొద్దు. చిన్న చిట్లుడు ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు, ఎమ్మారై గురించి డాక్టరును అడగండి. కాళ్లు రెండూ మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా అది ఎమర్జెన్సీ.

చేతుల మీద నిలబడేవాళ్లు బరువంతా మణికట్టు దగ్గరి అరచేతి భాగం మీద వదలకుండా వేళ్లతో నేలను నొక్కాలి. జారి చెయ్యి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి వస్తోందంటే మొదటి ఎక్స్‌రే బాగుందన్నా కట్టు తీయొద్దు, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించాలి.

పడినప్పుడు

వలలో కాళ్ల మీద దిగొద్దు. వీపు మీద దిగాలి, గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు ముందుకు మడిచి. మోచేతులు వెనక్కి పెట్టొద్దు, వల కళ్లలో వేళ్లు దూర్చి పట్టుకోవద్దు. మొదట నడుం ఎత్తు నుంచి, తర్వాత తల ఎత్తు నుంచి, ఇలా వందసార్లు పడటం నేర్చుకున్నాకే ఊయల ఎక్కాలి. ఎగరడం కన్నా ముందు ఇది నేర్పే మాస్టరు దొరికితే వదులుకోకండి.

ఎవరైనా వల బయట పడితే లేపి కూర్చోబెట్టొద్దు, నీళ్లు తాగించొద్దు. ఒకరు తల కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. క్యాంపు పడ్డ మొదటి రోజే అంబులెన్సు ఏ గేటులోంచి లోపలికి రాగలదో చూసి, ఆ దారిలో సామాన్లు పెట్టనివ్వకండి. తలకు దెబ్బ తగిలి తలతిరుగుడు, మసక, అడిగిందే అడగడం ఉంటే ఆ రోజు మళ్లీ ఎక్కడం లేదు, ఎంత బాగున్నానన్నా సరే. వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, ఫిట్స్ వస్తే వెంటనే ఆసుపత్రి. చీలమండ బెణికితే, నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముకల వెనక అంచున కింది ఆరు సెంటీమీటర్లలో నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తప్పదు.

పుత్తూరు కట్టుకు వెళ్తానంటే నేను అడ్డుపడను, ఎంతోమందికి దాని మీద నమ్మకం. ఎక్కడ కట్టు కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే తీయించండి. కట్టాక వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి తట్టుకోలేనంత పెరిగినా గంట కూడా ఆగకుండా విప్పించాలి. ఇక నొప్పి మాత్ర వేసుకుని ఊయల ఎక్కడం మాత్రం చేయకండి. ఏ సంకేతాన్ని చూసి మీరు ఆగాలో దాన్నే ఆ మాత్ర దాచేస్తుంది.

ఆడపిల్లలకు ఒక మాట. డ్రెస్సు కోసం తిండి తగ్గించి, మూడు నెలలుగా నెలసరి రాకపోతే అది మంచి శిక్షణకు గుర్తు కాదు. చేసే పనికి తిండి సరిపోవడం లేదని, ఎముకలు బలం కోల్పోతున్నాయని దానర్థం. మెస్సులో అన్నం, పప్పు తగ్గించొద్దు, రోజూ గుడ్డో పాలో చేర్చుకోండి, డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడాల్సిన సంగతి కాదు.

మళ్లీ పైకి

నొప్పి తగ్గిందని ఒకేసారి పాత ఐటమ్‌కు వెళ్లొద్దు. రోజువారీ పనుల్లో నొప్పి లేకపోవాలి. బాగున్న చేత్తో పోలిస్తే దెబ్బతిన్న చేతికి కనీసం పదిలో తొమ్మిది వంతుల బలం రావాలి. అప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆని ఉండగా కడ్డీకి సగం బరువు వేలాడదీయండి, తర్వాత పూర్తి బరువు, తర్వాత చిన్న ఊపు, తర్వాత పెద్ద ఊపు, ఆ తర్వాతే వదిలి పట్టుకోవడం. ఒక్కో మెట్టు మీద కనీసం మూడు నాలుగు రోజులు. పొద్దున్న అంకె పెరిగితే ఒక మెట్టు దిగాలి.

ఆ అస్సాం అమ్మాయి సర్కస్ సంక్రాంతి తర్వాత వేరే ఊరికి వెళ్లిపోయింది. నోటుపుస్తకం పేజీలు ఫోటో తీసి ప్రతి ఆదివారం వాట్సాప్‌లో పంపేది. సైకిల్ ట్యూబు తెగిపోతే ఆ ఊరి పంక్చరు షాపులో అడిగి ఇంకోటి తెచ్చుకుంది. ఏడో వారంలో పూర్తి బరువుతో వేలాడింది. పదకొండో వారం ఫోటోలో క్యాచర్ గడిలో మొదటిసారి ఒక అంకె కనిపించింది: రెండు. కింద పొద్దున్న నొప్పి: ఒకటి. వచ్చే వారం కూడా రెండే ఉంచమని రాశాను.